అమలమ్మ గంపలో పదకొండు

తాటిగుంటలో కోడిపిల్లల్ని ఎవరూ లెక్కపెట్టరు. పొలం ఎన్ని సెంట్లో అడిగితే చెబుతారు, మగ్గం మీంచి ఎన్ని చీరలు దిగాయో చెబుతారు, అత్తగారు పొద్దుట్నుంచి ఎన్ని మాటలందో అయితే అడక్కుండానే చెబుతారు. గంప కింద పిల్లలెన్ని అంటే మాత్రం "ఏవో ఉన్నాయిలెండి" అనేసి, గంప మీద గోనెపట్టా లాగేస్తారు. నోటితో అంకె అన్నారంటే తెల్లారేసరికి అందులో సగం ఉండవని నమ్మకం. నేతవాళ్ళ వీధిలోనూ అంతే, చర్చి చుట్టూ ఉన్న పేటలోనూ అంతే. దేవుడి దగ్గర వాళ్ళ దారులు వేరు గానీ, దిష్టి దగ్గర అందరిదీ ఒకటే మతం.

అటువంటి ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి "మీకు పిల్లలెన్ని?" అని అడిగే పని నెత్తిన వేసుకుంది అమలమ్మ.

ఆమెకి అప్పుడు నలభై ఏడేళ్ళు. ఊరికి మూడు మైళ్ళ దూరంలో, హనుమాన్ జంక్షన్‌లో పశువుల ఆసుపత్రి ఊడ్చే పని. పొట్టి మనిషి, పెద్ద అంగలు. ముఖంలో ఎప్పుడూ ఏదో కొంప మునగబోతోందన్న కంగారు. బస్సెక్కితే టైరు పేలుతుందని భయం, బట్టలారేస్తే వాన పడుతుందని భయం. ఏ భయమూ లేని రోజున మరీ భయపడుతుందని ఆమె మొగుడు బాలశౌరి అనేవాడు. జంక్షన్‌లో లారీలకి బస్తాలెత్తే మనిషి, రోజుకి పది మాటలు మాట్లాడితే అందులో ఇదొకటి.

కానీ ఆ డెబ్బై నాలుగో సంవత్సరంలో అమలమ్మ భయానికి సబబైన కారణమే ఉంది. అంతకు ముందు ఎండాకాలం ఆమె సంతలో ఓ పెట్టని చవగ్గా కొంది. నిగనిగలాడే నల్లపెట్ట, అంత తక్కువకి ఎందుకిస్తున్నాడని అడగాలనిపించలేదు. ఇంటికొచ్చిన మూడోనాటికి ఆ పెట్ట రెక్కలు వేలాడేసి, పచ్చగా పారుకుని, మెడ వెనక్కి మెలితిరిగి చచ్చింది. కొక్కెర తెగులు. వారం తిరక్కుండా అమలమ్మ వాకిట్లో ఒక్క కోడీ లేదు. పది రోజులకి పేటలో లేవు, పదిహేనో రోజుకి నేతవాళ్ళ వీధిలో లేవు. పొద్దున్నే కోడి కూయని ఊరు ఎలా ఉంటుందో తాటిగుంట వాళ్ళు ఆ నెలలో చూశారు. ఎక్కడో ఒకటీ అరా పెట్టలు జబ్బు పడి లేచి బతికాయి, అంతే.

రావమ్మ సంగతి మరీ అన్యాయం. నేతవాళ్ళ వీధి చివరింట్లో ఒంటరి మనిషి. పొద్దుగూకులూ రాట్నం తిప్పి కండెలు చుట్టి ఇస్తే వచ్చేది బియ్యానికే సరి. కూరా నారా, చీరా రవికా, ఒంట్లో బాగాలేకపోతే మందూ మాకూ, అన్నీ కోళ్ళ మీదే. ఆ కోళ్ళన్నీ పోయిన రోజున ఆమె కాలవగట్టు మీద నిలబడి, పేట వైపు తిరిగి, "నీ సంతకోడి మమ్మల్నందర్నీ ఊడ్చేసింది కదే అమలమ్మా" అంది. తిట్టలేదు, శాపం పెట్టలేదు. తిట్టినా బాగుండేదని అమలమ్మ చాలాసార్లు అనుకుంది. ఆ మాట ఆమె కడుపులో ముల్లులా ఉండిపోయింది.

అప్పట్నుంచి ఆసుపత్రిలో చీపురు పక్కన పెట్టి కాంపౌండరు సంజీవరావు వెంట పడింది. ఈ జబ్బుకి మందు లేదా అంటే వచ్చాక లేదు, రాకుండా ఉంది అన్నాడాయన. పుస్తకాల్లో రాణిఖేత్ అంటారట. పిల్ల పుట్టిన వారం పదిరోజుల్లో కంట్లో ఒక చుక్క వెయ్యాలి. దాని సత్తువ రెండు నెలలే, ఆలోపల మళ్ళీ సూది పొడవాలి. చుక్కలు వెయ్యడం ఎంతసేపు, నేర్పుతాను, సూదికి మాత్రం నేనే వస్తానన్నాడు. అసలు చిక్కంతా మందుతోనే. ఒక్కో బుడ్డి వందపిల్లలకి సరిపోతుంది. ఐసులో తేవాలి. చల్లటి నీళ్ళు కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి, ఆ తర్వాత అది ఉత్త నీళ్ళతో సమానం. అందుకని ఊళ్లో పిల్లలన్నీ ఒకే ఈడువి అయ్యుండాలి, ఒకే చోటికి రావాలి.

అమలమ్మ జనవరిలో ఇల్లిల్లూ తిరిగి బతిమాలింది. గుడ్లు అందరూ ఒకే వారంలో పొదగెయ్యమంది. పెట్టలేని వాళ్ళకి బతికిన పెట్టల్ని బదులిప్పించింది. ఊరు నవ్వింది, కానీ పోయినేటి దెబ్బకి మాట వింది. ఫిబ్రవరి నడిమికల్లా ప్రతి ఇంట్లో గంప కింద కిచకిచలు. అమలమ్మ గంపలో పదకొండు. ఆమె లెక్కపెట్టింది, మనసులోనే.

ఇక లెక్క అడిగే పని. మందు ఎన్ని బుడ్లు తేవాలో తెలియాలి కదా అని కాంపౌండరు గట్టిగా చెప్పి పంపాడు. ఒకావిడ నాలుగంది. ఒకాయన "ఆరో ఏడో" అన్నాడు. మరియదాసు అసలు పిల్లలే లేవన్నాడు, ఆయన మాట మధ్యలోనే గోనెపట్టా కింద నుంచి కిచకిచమన్నాయి. రావమ్మ రాట్నం ఆపకుండా "ఓ పదుంటాయిలే" అంది. అన్నీ కలిపితే డెబ్బై. తనవి పదకొండు. ఒక్క బుడ్డి చాలు, ఇంకా మిగులుతుంది. అమలమ్మ కూడా అదే ఊళ్లో పుట్టి, అదే గోనెపట్టాలు కప్పి పెరిగిన మనిషే. అయినా వాళ్ళు చెప్పిన అంకెల్ని నమ్మింది. నమ్మడమంటే ఇంకేం లేదు, రెట్టించి అడిగితే దిష్టి పెడుతోందంటారని జంకింది.

శనివారం తెల్లవారుజామున కాంపౌండరు రాసిచ్చిన చీటీ పట్టుకుని బెజవాడ పెద్ద పశువుల ఆసుపత్రికి వెళ్ళింది. ఉన్నవి రెండే బుడ్లని, రెండోది వేరే ఊరికి రాసేశామని చెప్పి ఒకటి ఇచ్చారక్కడ. వన్‌టౌన్‌లో ఐసు కొని, నలగ్గొట్టించి, ఫ్లాస్కులో బుడ్డి చుట్టూ కూరి, పైన తడిగుడ్డ చుట్టి బస్సెక్కింది. దారి పొడుగునా ఫ్లాస్కుని ఒళ్ళో పసిబిడ్డలా పెట్టుకుని కూర్చుంది. పక్కనున్న పెద్దాయన దాహమేస్తోందమ్మా, కాసిని నీళ్ళిస్తావా అన్నాడు. ఇందులో కోళ్ళ జబ్బు ఉందండీ అంది అమలమ్మ. ఆయన లేచి వెనక సీటుకి పోయాడు. గన్నవరం దాటాక బస్సు ముప్పావుగంట ఆగిపోయింది. అందరూ దిగి చెట్ల కింద నిలబడితే ఈమె మాత్రం ఎండ పడని వైపుకి సీట్లు మారుతూ లోపలే ఉండిపోయింది. మూత తీసి ఐసు ఉందో లేదో చూడాలని చెయ్యి లాగుతోంది, తీస్తే ఉన్నది కాస్తా కరుగుతుందని ఇంకో భయం. ఊపితే గలగలమంది. ఆ చప్పుడు వినడానికే జంక్షన్ వచ్చేలోపు ఇరవైసార్లు ఊపింది.

సాయంత్రం నాలుగున్నరకి, చల్లబడ్డాక, చర్చి పక్కన బడి వరండాలో అందరూ చేరారు. గంపలు వరసగా దించారు. అమలమ్మ కాచి చల్లార్చిన నీళ్ళు ఐసులో పెట్టుకుంది. కొలత ప్రకారం మందులో కలిపింది. పక్కన ఇంకో గ్లాసులో చుక్కలగొట్టం కడగడానికి మామూలు నీళ్ళు, ఒక ముంతలో నీలిమందు. చుక్క పడిన పిల్లకి రెక్క మీద నీలిబొట్టు పెడితే రెండోసారి వెయ్యకుండా ఉంటుందని కాంపౌండరు చెప్పాడు.

గోనెపట్టాలు తీశారు. అమలమ్మ ముందుకి వంగి చూసింది.

నాలుగన్న ఆవిడ గంపలో తొమ్మిదున్నాయి. పిల్లలే లేవన్న మరియదాసు గంపలో ఎనిమిది. రావమ్మ తెచ్చింది ఒక గంప కాదు, రెండు. పది అన్న మనిషి ఇరవై ఆరు తెచ్చింది. అమలమ్మ కళ్ళతోనే వరస పొడుగునా లెక్కేసుకుంటూ పోయింది. డెబ్బై కాదు, వందకి అటూ ఇటూ ఉన్నాయి. తన పదకొండూ కాకుండా.

ఆమె నోరు విప్పబోయేలోపే రావమ్మ అంది, "ముందు నీ పిల్లలకి వెయ్యి. మేం చూస్తాం. ఆ తర్వాతే మావి."

అందరూ అవునన్నారు. అందులో తప్పేముంది? పోయినేడు జబ్బు ఎవరింటి నుంచి వచ్చిందో ఎవరూ మర్చిపోలేదు. అమలమ్మ తన గంప ముందుకి లాక్కుంది. తన పదకొండింటికీ వేస్తే ఆ చివర ఎవరివో పదకొండు మిగిలిపోతాయి. మందు చాలదని పైకంటే ఎవరివి ముందు, ఎవరివి వెనక అని తగువు మొదలై రెండు గంటలూ అందులోనే పోతాయి. నావాటికి వెయ్యనంటే ఇది విషమేనని గంపలెత్తుకుని పోతారు. పోయినేడు వీళ్ళ వాకిళ్ళు ఖాళీ అయింది తన వల్ల. ఈ ఏడు కూడా ఎవరి వాకిలైనా ఖాళీ అయితే, అది తనది కావాలి.

చుక్కలగొట్టాన్ని మందుబుడ్డి చాటున, కడిగే గ్లాసులో ముంచింది. ఒక్కో పిల్లనీ ఎడంచేత్తో పట్టుకుని, కన్ను తెరిపించి, చుక్క జారవిడిచి, అది రెప్ప వేసేదాకా ఆగి, నీలిబొట్టు పెట్టింది. పదకొండింటికీ. అందరూ మెడలు సాచి చూశారు. వాళ్ళు చూసింది మంచినీళ్ళ చుక్కలని ఆమెకీ, పైనున్న దేవుడికీ తప్ప ఎవరికీ తెలియదు.

తర్వాత అదే గొట్టాన్ని మందులో ముంచింది. రావమ్మ గంపలు ముందు, తర్వాత వరసగా. చీకటి పడేలోపు పని అయింది. చివరి గంప మరియదాసుది. ఆయన ఎనిమిదో పిల్ల కంట్లో చుక్క పడ్డాక బుడ్డిని తలకిందులు చేస్తే ఇంకేమీ రాలలేదు.

సోమవారం ఉదయం ఆసుపత్రిలో ఊడ్పు కూడా మొదలెట్టకుండా కాంపౌండరుని అడిగింది, ఇంకో బుడ్డి దొరుకుతుందాండీ అని. ఎందుకన్నాడాయన. ఊరికే అంది. వచ్చే నెలాఖరుదాకా సరుకు రాదని చెప్పాడు.

అప్పట్నుంచి అమలమ్మ బతుకు బతుకు కాదు. ఈస్టరు ముందొచ్చే తపసు కాలం మొదలైంది. పేటవాళ్ళు మాంసం మానేస్తే ఈమె నిద్ర మానేసింది. పొద్దున్న లేచీ లేవగానే గంప ఎత్తి చూసేది. ఒకటి కాస్త కునికితే ప్రాణం పోయేది, అది తిరిగి పురుగు కోసం పరుగెడితే తిరిగొచ్చేది. ఎవరి కోడీ తన వాకిట్లోకి రాకుండా కంపకంచె కట్టింది, తన పిల్లల్ని గడప దాటనివ్వలేదు. ఆసుపత్రి నుంచి రాగానే కాళ్ళు కడుక్కోందే గంప ముట్టుకునేది కాదు. పిల్లల మీద ఇంత ప్రేమ ముందే ఉంటే మనకి ఇంకో ఇద్దరు పుట్టేవాళ్ళని బాలశౌరి ఎగతాళి చేశాడు. ఆ మాటకి ఆమె ఏడ్చింది. అతను బిత్తరపోయి, ఆ వారమంతా మిగతా తొమ్మిది మాటలు కూడా మాట్లాడలేదు.

మార్చి నడిమికి కాలవ అవతలి ఊళ్లో కొక్కెర తగిలిందని కబురొచ్చింది. నాలుగోరోజున అమలమ్మ గంప ఎత్తితే ఒక పిల్ల నోరు తెరుచుకుని గురగురలాడుతోంది. కంపకంచె గాలినీ, కాకినీ, బస్తాలెత్తే మొగుడి కాళ్ళనీ ఆపలేదు మరి.

ఆరు రోజుల్లో పదకొండూ పోయాయి. బాలశౌరి జబ్బు ముదరకముందే కోసేద్దామన్నాడు. వద్దంది. పోయినేడు కోసి ఈకలు ఎక్కడపడితే అక్కడ పారేసే ఊరంతా పాకించామంది. ప్రతిదాన్నీ వాకిలి మూల మోకాలిలోతు గొయ్యి తీసి, సున్నం చల్లి తనే పూడ్చింది. నీలిబొట్టు ఉన్న రెక్క మీద చివరి పిడికెడు మన్ను వేస్తున్నప్పుడు ఆమెకి కలిగింది ఒక్క దుఃఖమే కాదు. ఊళ్లో మిగతావాటికి ఏమీ కాలేదు. ఒక్కదానికి కూడా. మందు పనిచేసింది.

కానీ ఊరు చూసింది ఇంకో రకంగా. మందు వేసిన మనిషి కోళ్ళే పోయాయి, అదీ అందరికంటే ముందు మందు పడినవి. ఆ మందులోనే ఏదో ఉందన్నారు. చుక్కకే ఇలా అయితే సూదికి ఇంకెలా ఉంటుందోనన్నారు. మనవి బతికింది మన అదృష్టం కొద్దీ గానీ మందు వల్ల కాదని రావమ్మ తేల్చేసింది. సూది నా గుమ్మం తొక్కడానికి వీల్లేదంది. ఆ వీధిలో రావమ్మ మాటే చివరి మాట.

ఈస్టరు ఇంకో వారముందనగా వచ్చే మట్టలాదివారానికి ముందు శుక్రవారం కాంపౌండరు సంజీవరావు సైకిల్ మీద ఫ్లాస్కూ సూదులూ పెట్టుకుని వచ్చాడు. బడి వరండాలో కూర్చున్నాడు. గంట గడిచింది. ఒక్క గంప రాలేదు. పిల్లలకి ఏడు వారాలు నిండాయనీ, చుక్కమందు సత్తువ ఇక ఎన్నాళ్ళో ఉండదనీ, కాలవ అవతల ఇంకా చస్తూనే ఉన్నాయనీ, ఐసు కరిగితే తను చేసేదేమీ లేదనీ విసుక్కున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మందు పడ్డ నీ పిల్లలెలా పోయాయో నాకు అంతుబట్టడం లేదు అమలమ్మా. నీ చెయ్యి తప్పే చెయ్యి కాదు" అన్నాడు.

అమలమ్మ లేచింది. కొంగు బొడ్లో దోపుకుని నేతవాళ్ళ వీధి వైపు నడిచింది. నిజం చెబితే అందరి కళ్ళముందూ మోసం చేసిందన్న పేరు పడుతుంది. ఇక ఆ ఊళ్లో ఎవరూ ఆమె చేతికి గంప ఇవ్వరు. చెప్పకపోతే వంద పిల్లలు పోతాయి. దారి మధ్యలో రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ కాళ్ళు మళ్ళీ వాటంతటవే కదిలాయి.

రావమ్మ రాట్నం ముందు ఉంది. తలెత్తలేదు.

"అక్కా, నా పిల్లలకి నేను మందు వెయ్యలేదు" అంది అమలమ్మ.

"నా కళ్ళతో చూశానే."

"నువ్వు చూసింది నీళ్ళు. గొట్టం కడిగే గ్లాసులోవి."

రాట్నం ఆగింది. రావమ్మ ఈసారి తల ఎత్తి చూసింది. "ఎందుకే? మమ్మల్ని మోసం చెయ్యడానికా?"

"నువ్వు పదన్నావు. ఇరవై ఆరు తెచ్చావు. అందరూ అంతే. వందకే మందుంది అక్కా. నావాటికి వేస్తే ఎవరివో మిగిలిపోయేవి. పోయినేడు నీ వాకిలి ఖాళీ చేసింది చాలనుకున్నాను."

అంతకంటే చెప్పలేకపోయింది. గుమ్మంలోనే చతికిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆరు రోజులు ఒక్కో గొయ్యీ తవ్వుతూ మింగిన ఏడుపంతా ఒక్కసారి బయటికొచ్చింది. రావమ్మ చేతిలో కండెని అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. ఏ తల్లి కన్నబిడ్డో గానీ ఇంత పిచ్చిది ఎక్కడా చూడలేదు అన్నట్టు ఒకసారి తలాడించింది. తర్వాత మోకాళ్ళ మీద చేతులు వేసుకుని లేచి, పెరట్లోకి పోయి, రెండు గంపలూ ఒకదాని మీద ఒకటి పెట్టుకుని బయటికొచ్చింది. వీధిలో పోతూ పోతూ ప్రతి గుమ్మం ముందూ ఆగి, గంపలు తెమ్మని కేకేసింది. ఎందుకని అడిగిన వాళ్ళకి, వరండాకి రండి చెబుతానంది.

బడి దగ్గర కాంపౌండరు అప్పటికే సైకిల్ స్టాండు తీశాడు. గంపలు వరసగా రావడం చూసి మళ్ళీ వేశాడు. గంపలు దించుతుంటే రావమ్మ ఆ నీళ్ళచుక్కల సంగతి అందరికీ చెప్పేసింది. ఆయన కాయితం, పెన్నూ తీసి, ఎంత మందు కలపాలో తెలియాలి, ఎన్నున్నాయో ఒక్కొక్కరే సరిగ్గా చెప్పండని అడిగాడు. మరియదాసు చెయ్యి అప్పుడే గోనెపట్టా అంచు పట్టుకుంది.

రావమ్మ పక్కకి తిరిగి దిష్టి తగలకుండా మూడుసార్లు ఉమ్మింది. చీరచెంగుతో నోరు తుడుచుకుంది.

"ఇరవై ఆరండీ" అంది, ఊరంతా వినేట్టు. అరవై ఏళ్ళ బతుకులో ఆమె కోడిపిల్లల అంకె పైకి అనడం అదే మొదలు. కాంపౌండరు రాసుకోబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగండి. అలా కాదు. నావి పదిహేనని రాయండి. ఆ పదకొండూ అమలమ్మవి. దాని వాకిలి జబ్బు ఎండి నెల తిరిగేదాకా నా గంప కిందే ఉంటాయి."

అమలమ్మ వరండా మెట్టు దగ్గరే నిలబడిపోయింది. లోపలికి రావాలో వద్దో ఆమెకి తెలియలేదు. కాంపౌండరు ఆమె వైపు ఒకసారి చూసి, కళ్ళజోడు తుడుచుకుని, రెండు వరసలుగా రాసుకున్నాడు. రావమ్మ వెనక నిలబడ్డ ఆవిడ గొంతు సవరించుకుని తొమ్మిది అంది. మరియదాసు గోనెపట్టా వదిలేసి, "నావి ఎనిమిదండీ" అన్నాడు.

"రావే, వచ్చి పిల్లల్ని పట్టుకో" అంది రావమ్మ, వెనక్కి చూడకుండానే. "ఐసు కరిగిపోతోందంట."